ఎవరైనా కాచుకుంటేనే రాసే మనిషి

పోయిన నెల మా మనవరాలు గరాజ్ సర్దుతూ నా పాత గోడ క్యాలెండర్ల కట్ట విప్పింది. 1974లో ఈ దేశం వచ్చినప్పటినుంచి నేను ఏ ఏడాది క్యాలెండరూ పారెయ్యలేదు. 1982 క్యాలెండర్లో ఏప్రిల్ మొదలుకుని చాలా గడుల్లో ఎర్ర పెన్నుతో ఒక్కొక్క అంకె వేసి ఉంది.

"అమ్మమ్మా, త్రీ, త్రీ, టూ, జీరో... ఇదేంటి? నీ బీపీ టాబ్లెట్సా?"

"అప్పటికి నాకు బీపీ లేదే. అవి పేజీలు."

"హూస్ పేజెస్?"

పక్కవాటా ఆయనవి అన్నాను. ఎవరాయన అంది. చెప్పడం మొదలుపెట్టాను. ఇంతలో దానికి ఫోన్ వచ్చింది, లేచి వెళ్ళిపోయింది. మొదలుపెట్టినది సగంలో వదిలెయ్యడం నాకు చేతకాదు కనక మిగిలింది ఇక్కడ రాస్తున్నాను.

ఆయన పేరు రాయను. జపాన్‌లో బడిపిల్లలకి కూడా తెలిసిన పేరది. 1988లో పోయారు. ముప్ఫైకి పైగా నవలలు రాశారు, ఆయన మీద వేరేవాళ్ళు రాసినవి ఇంకెన్నో ఉన్నాయట. వాటిలో ఏముందో నాకు తెలియదు. నాకు తెలిసింది ఇరవై ఏడు నెలలు మాత్రమే. 1981 మార్చి నుంచి 1983 జూన్ దాకా.

శాంటా క్లారాలో అప్పుడు మేమున్నది రెండు వాటాల ఇల్లు. మధ్యగోడ పలచన. పక్కవాటాలో మిచికో అనే జపాన్ అమ్మాయి ఉండేది. మావారు పనిచేసే కంపెనీలోనే చిప్‌ల నమూనాలు గీసే పని. 1981 మార్చి 14, శనివారం నాడు ఆ అమ్మాయి వాళ్ళ నాన్నని విమానాశ్రయం నుంచి తీసుకొచ్చింది. రెండు పెట్టెలు, ఒక కాగితాల డబ్బా. ఆయన కారు దిగి, ఇంట్లోకి వెళ్ళకుండా, వీధి చివరిదాకా నడిచి చూసి వచ్చారు. తర్వాత మళ్ళీ వెళ్ళారు. మిచికో పెట్టెలు లోపల పెట్టుకునేలోపు మూడుసార్లు తిరిగారు.

అప్పుడాయనకి అరవై. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎడమచేతికి రెండు గడియారాలు, ఒకటి ఇక్కడి టైము, ఒకటి టోక్యో టైము. షూ లేసులు ఎప్పుడూ కట్టుకోరు, కట్టుకోవడానికి వంగితే ఆగాలి కదా. మా బ్లాకు చుట్టూ ఒక రౌండు ఆరు ఫర్లాంగులు. ఒకరోజు నేను వంటింటి కిటికీలోంచి లెక్కపెడితే పద్నాలుగు రౌండ్లు వేశారు. ఆ రోజుల్లో శాంటా క్లారాలో కారు లేకుండా నడిచేవాడంటే కారు చెడిపోయినవాడైనా అయుండాలి, దొంగైనా అయుండాలి. రెండో నెలలో పోలీసు కారు ఆయన పక్కన ఆగింది. ఆయన దానికి వంగి నమస్కారం పెట్టి, నడుస్తూనే జవాబులు చెప్పారు. కారు ఆయన వెనకే ఎద్దుబండిలా వీధి చివరిదాకా వెళ్ళింది.

ఆయన ఇంగ్లీషు గురించి చెప్పాలి. యుద్ధం అయ్యాక అమెరికా సైన్యం వాళ్ళ దేశంలో దిగినప్పుడు ఒక శిబిరం వంటశాలలో గిన్నెలు కడిగారట, రెండేళ్ళు. వచ్చిన ఇంగ్లీషంతా అక్కడిదే. చాలా మర్యాదగా మాట్లాడుతున్నానని అనుకుంటూ సిపాయి భాష మాట్లాడేవారు. మా ఇంట్లో మొదటిసారి పప్పు, దొండకాయ వేపుడు తిని, లేచి నడుం వంచి, "డామ్ గుడ్ చౌ, మేడమ్" అన్నారు. చౌ అంటే సిపాయిల భాషలో తిండి. మావారికి పొలమారింది. దానికి ముందు బర్మాలో బందీగా ఉన్నప్పుడు కాపలా సిపాయిలు మనవాళ్ళేనట. వాళ్ళ దగ్గర నేర్చుకున్న మాట ఒకటుంది. మా పిల్ల స్కూలుకి ఆలస్యంగా పరిగెడుతుంటే అటునుంచి, "జల్దీ, జల్దీ" అని అరిచేవారు. ఇకముందు ఆయన మాటలన్నీ తెలుగులో రాస్తాను. ఆ ఇంగ్లీషు రాస్తే మీరు నవ్వుతూ కూర్చుంటారు, నేను చెప్పదలచుకున్నది నవ్వే విషయం కాదు.

ఒక ఏడాదిపాటు ఆయన ఏమీ రాయలేదు. బల్లని ముందుగదిలో వేశారు, పడగ్గదిలో వేశారు, గరాజ్‌లో వేశారు. చివరికి మిచికో కారు వెనకసీట్లో అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. అక్కడా పావుగంటకి మించి ఉండలేదు. 1982 ఏప్రిల్ నుంచి టోక్యోలో ఒక దినపత్రికకి సీరియల్ రాస్తానని ఒప్పుకున్నారు. రోజుకి మూడు కాగితాలు. వాళ్ళ కాగితం గళ్ళ కాగితం, పేజీకి నాలుగు వందల గళ్ళు, గడికి ఒక అక్షరం. కామాకి కూడా ఒక గడి. ఆ లెక్క నాకు నచ్చింది. మనవాళ్ళు సీరియల్ రాస్తే ఎంత రాశారో అచ్చయ్యేదాకా వాళ్ళకే తెలియదు.

ఏప్రిల్ 5, సోమవారం, పిల్ల స్కూలుకి వెళ్ళాక తలుపు కొట్టారు.

"మేడమ్, మీరొచ్చి మా ముందుగదిలో కూర్చుంటారా?"

"ఎందుకండీ?"

"ఊరికే. కాచుకోవాలి."

"దేనికోసం?"

"నా పేజీల కోసం."

సంగతి అప్పుడు చెప్పారు. టోక్యోలో ఆయన ముందుగదిలో ఎప్పుడూ ముగ్గురు నలుగురు పత్రికలవాళ్ళు కూర్చుని ఉండేవారట. టీ తాగుతూ, పేకాడుతూ, నిట్టూరుస్తూ. కాగితం తలుపుకి అవతల ఈయన రాస్తుంటే, ఒక్కొక్క పేజీ ఆరకముందే పట్టుకుని పరిగెత్తేవారట. మరీ ఆలస్యమైతే ఈయన్ని హోటల్ గదిలో పెట్టి బయట తాళం వేసేవారు. అక్కడ రచయితలకి అది మామూలేనట. ఒకసారి ఈయన చాకలి మూటల బండిలో దాక్కుని పారిపోయారు. వాళ్ళ పీడ వదిలించుకోవాలనే కూతురి దగ్గరికి వచ్చారు. వచ్చాక తెలిసింది, గోడకి అవతల ఎవరూ కాచుకుని లేకపోతే చెయ్యి కదలదని.

"నాకు మీ భాష చదవడం రాదు కదా" అన్నాను.

"వాళ్ళు మాత్రం చదివేవాళ్ళా? లెక్కపెట్టుకుని పట్టుకెళ్ళేవాళ్ళు. మీకు లెక్కలు వచ్చని మిచికో చెప్పింది."

నిజమే. ఏలూరులో ఆడపిల్లల కాలేజీలో తొమ్మిదేళ్ళు లెక్కలు చెప్పి వచ్చినదాన్ని. ఉదయం తొమ్మిది నుంచి పదకొండున్నర దాకా వస్తానని ఒప్పుకున్నాను. మావారు స్నేహితులందరికీ ఫోన్ చేసి చెప్పారు. "మా ఆవిడకి ఉద్యోగం వచ్చిందోయ్. ఏం పనంటావా? కూర్చోవడం."

కూర్చోవడానికి నియమాలున్నాయి. మెచ్చుకోకూడదు. తొందరేం లేదు, మెల్లిగా రాయండి అనకూడదు. పేజీలు రాకుండా లేవకూడదు. దగ్గవచ్చు, గడియారం చూడవచ్చు. మొదటి వారం ఒకసారి తలుపు తీసి, "మేడమ్, మీరు మరీ సుఖంగా కూర్చున్నారు. కాస్త నిట్టూర్చండి" అన్నారు. "అబ్బబ్బ, ఇంకా ఎంతసేపండీ!" అని తెలుగులో అన్నాను. అర్థం కాకపోయినా ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే తలుపేసుకున్నారు. ఆ రోజు మూడు పేజీలు.

ఊరికే కూర్చోవడం నావల్ల కాదు కనక పంచాంగం తీసుకెళ్ళేదాన్ని. అప్పట్లో మనవాళ్ళకి ఇక్కడి టైముకి వేసిన పంచాంగం లేదు. దేశం నుంచి వచ్చిన పంచాంగంలో తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు పోతుందో చూసి, పన్నెండున్నర గంటలో పదమూడున్నర గంటలో వెనక్కి జరిపి, ఇక్కడ ఏరోజు పడుతుందో నేను రాసి ఇచ్చేదాన్ని. చుట్టుపక్కల నలభై ఇళ్ళవాళ్ళు నన్నే అడిగేవారు. ఆ ఉదయాలు నేను పక్కవాటాలో ఉంటానని తెలిసి అక్కడికే ఫోన్ చేసేవారు. డాక్టరుగారి భార్య అనసూయ మరీను.

"అక్కా, మా మావగారి తద్దినం ఎప్పుడొచ్చింది?"

"బుధవారం."

"అయ్యో, శనివారం వచ్చేలా చూడవూ! ఈయన వీక్ మధ్యలో లీవ్ పెట్టలేరు, ఆన్ కాల్ కూడా ఉంది."

"తిథి మీ ఆయన డ్యూటీ చూసుకుని రాదమ్మా."

"నువ్వు కొంచెం అటూ ఇటూ జరపలేవా?"

"నేను జరిపితే మీ మావగారు జరగొద్దూ?"

ఆయన తలుపు సందులోంచి తల పెట్టి, ఏమిటి లెక్క కడుతున్నారని అడిగారు. చచ్చిపోయినవాళ్ళ రోజులు అన్నాను. చాలాసేపు నన్నే చూశారు. ఆయన అంతసేపు కదలకుండా నిలబడటం అదే మొదటిసారి.

రెండున్నర గంటలు కాచుకుని, రాసినదేమిటో తెలియకుండా వెళ్ళడం నాకు కష్టమైంది. ఏరోజుది ఆరోజు కథ చెప్పాలని షరతు పెట్టాను. పేజీలు నాకిచ్చాక, ఆ గది ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ చెప్పేవారు. యుద్ధం అయ్యాక బర్మా నుంచి ఇంటికి వచ్చిన ఒక సిపాయి కథ అది. వెనక్కి నడుస్తున్నప్పుడు అతని స్నేహితుడు జ్వరంతో పోయాడు. పోతూ తల్లికి ఒక కబురు చెప్పమన్నాడు. వాళ్ళ వైపు ఒక ఆచారం ఉందట. ఇంట్లోవాడు దూరదేశం పోతే, అక్కడ పస్తు ఉండకూడదని, రోజూ రాత్రి భోజనంలో అతని వాటా ఒక పళ్ళెంలో వేరే పెడతారు. ఆ స్నేహితుడు చెప్పమన్న కబురు ఇది: "నాకు పళ్ళెం పెట్టడం ఆపేసి, ఆ తిండి చెల్లెలికి పెట్టమను." ఆ కబురు చెప్పడానికి సిపాయి పోతున్నాడు. ఓడలో, రైల్లో, ఊరూరా దిగుతూ. అదీ నవల.

ఈ కథనే ఆయన ఇరవై తొమ్మిదో ఏట చిన్నకథగా రాశారట. దానికి పెద్ద బహుమతి వచ్చింది. అందులో సిపాయి ఇంట్లోకి వెళ్ళి కబురు చెబుతాడు. తల్లి ఏడవదు. లేచి, ఆ పళ్ళెం తీసి కూతురి ముందు పెడుతుంది. ఆ ఘట్టం బడిపుస్తకాల్లో ఉందని, దేశమంతా పిల్లలు పరీక్షల్లో దాని మీద ప్రశ్నలకి జవాబులు రాస్తారని మిచికో గర్వంగా చెప్పింది. ఆయన మాత్రం చెయ్యి విదిలించేవారు. మిగతా ముప్ఫై పుస్తకాలూ ఆ ఒక్క కథ పెట్టిన తిండి అనేవారు.

సీరియల్ చదివేటప్పుడు పాత్రల వయసులూ తేదీలూ పట్టిక వేసుకోవడం నాకు అలవాటు. దేశం నుంచి ఓడ మీద వచ్చే వారపత్రికల సీరియల్స్‌కి అలాగే వేసేదాన్ని. ఏడోవారంలో పంతొమ్మిదేళ్ళున్న పిల్లకి పదిహేనోవారంలో పద్దెనిమిది ఉంటే ఆ పత్రికకి ఉత్తరం రాసేదాన్ని. ఈయన కథకీ వేశాను. ఈయన తేదీల్లో తప్పులుండవు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. అలా అక్టోబరు దాకా వచ్చింది.

అక్టోబరు 19, మంగళవారం. సిపాయి ఆ కొండ ఊరికి దగ్గరలో ఉన్న స్టేషన్లో దిగాడు. రేపు ఇంట్లోకి వెళతాడు. కబురు చెప్పి 13 పొద్దుటి రైల్లో తిరిగి వెళ్ళేదాకా, ముందు జరగబోయేదంతా ఆయన గబగబా చెప్పారు. నేను పట్టిక చూశాను.

"ఒక రోజు ఎక్కువుందండీ" అన్నాను.

"ఏమిటి?"

"1946 నవంబరు 12 పొద్దున్న స్టేషన్ నుంచి బయల్దేరాడు. ఊరు గంట నడక. కబురు చెప్పి, టీ తాగి, రెండు గంటలు కూర్చున్నాడనుకుందాం. మధ్యాహ్నానికి స్టేషన్లో ఉంటాడు. మధ్యాహ్నం రైలు ఉందని మీరే రాశారు, వేసవిలో చెప్పారు. మరి 13 పొద్దుటి రైలు ఎందుకు ఎక్కాడు? ఆ రోజంతా ఏం చేశాడు?"

ఆయన నడక ఆగిపోయింది. తర్వాత తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయారు. ఆ రోజు పేజీలు రాలేదు. బుధవారం సున్నా. గురువారం సున్నా. అప్పటికి పత్రిక దగ్గర తొమ్మిది రోజులకి సరిపడా పేజీలే ఉన్నాయి. టోక్యో నుంచి ఫోన్లు మొదలయ్యాయి. మిచికో తీసేది, పెట్టేసేది.

శుక్రవారం నేను వెళ్ళేసరికి ఆయన వాకిట్లో ఉన్నారు. నాతో నడవండి అన్నారు. చీర మీద టెన్నిస్ షూ వేసుకుని నడిచాను. రెండో రౌండ్లో చెప్పారు.

"నేను లోపలికి వెళ్ళలేదు."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఏ లోపలికి అన్నాను.

"ఆ ఇంట్లోకి. ఆ సిపాయి నేనే, అది మీకు తెలుసు. పొద్దున్నే వెళ్ళాను. వాడి తల్లి అరుగు మీద కూర్చుని కత్తితో పర్సిమన్ కాయలు ఒలుస్తోంది, ఎండబెట్టడానికి. నేను రోడ్డుకి ఇవతల ఉన్నాను. నేను వెళ్ళి చెబితే ఆ చేతులు ఆగిపోతాయి కదా. ఈ కాయ అయ్యాక వెళదాం అనుకున్నాను. ఆ కాయ అయింది. ఇంకో కాయ. రోడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. సాయంత్రానికి ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. నేను స్టేషన్‌కి వచ్చేశాను."

"మరి కబురు?"

"ప్రభుత్వం కాగితం పంపింది. 1948 మార్చి 3న అందింది. తర్వాత జిల్లా ఆఫీసుకి రాసి కనుక్కున్నాను. అప్పటిదాకా ఆ ఇంట్లో రోజూ ఒక పళ్ళెం చచ్చిపోయినవాడికి పెట్టారు. అప్పుడు మా దేశంలో తిండి ఎలా ఉండేదో మీకు తెలియదు. పదకొండేళ్ళ పిల్ల ఆ ఇంట్లో ఉంది. ఆ పిల్ల వాటా అది. నాలుగు వందల డెబ్బై ఆరు రాత్రులు."

నడుస్తూ మనసులో లెక్క కట్టాను. అంకె వినబడితే కట్టకుండా ఉండలేను.

"డెబ్బై ఏడండీ" అన్నాను. "1948 లీపు సంవత్సరం. ఫిబ్రవరికి ఇరవై తొమ్మిది రోజులు."

ఆయన నిలబడిపోయారు. ముప్ఫై నాలుగేళ్ళుగా ఆ మనిషి మోసిన అంకెకి నేను ఇంకొకటి కలిపానని అప్పుడు తెలిసింది. ఏమైనా అనేలోపే ఆయన ఇంటివైపు నడిచి వెళ్ళిపోయారు. ఆ రోజూ సున్నా.

మావారితో చెబితే తల పట్టుకున్నారు. "ఆయన డెబ్బై ఆరంటే డెబ్బై ఆరు అని ఊరుకోవచ్చుగా!"

"లీపు సంవత్సరం అండీ."

"ఆ మొహం చూస్తే నీకు లీపు సంవత్సరం గుర్తొచ్చిందా?"

సాయంత్రం మిచికో వచ్చింది. చేతిలో ఒక గళ్ళ కాగితం. గడిగడికీ ఒక అంకె చొప్పున 4, 7, 7, మళ్ళీ 4, 7, 7, కింది గడిదాకా.

"మిసెస్ రావ్, ఆయనతో ఏమన్నారు మీరు?"

అన్నది చెప్పాను. ఆ అమ్మాయి కూర్చోలేదు. "ఇంతకుముందు మూడుసార్లు ఈ నవల మొదలుపెట్టారు. మూడుసార్లూ ఇక్కడే ఆపేశారు. ఎందుకో నేను ఎప్పుడో ఊహించాను, అడగలేదు. ఇప్పుడు నిజం రాస్తే ఏమవుతుందో తెలుసా? బడిపుస్తకంలో ఉన్నది అబద్ధం అని ఆయన చేత్తో ఆయనే రాసినట్టు. ఇంక ఆ పేరు ఉంటుందా? పాత కథలో ఉన్నట్టు రాస్తే ఎవరికీ నష్టం లేదు. అదీ రాయరు. దయచేసి సోమవారం రాకండి. మీరు రాకపోతే ఆగిపోతారు. ఒంట్లో బాగాలేదని చెప్పి సీరియల్ ఆపించేస్తాను."

"ఆపేస్తే ఆయన బాగుంటారా?"

"ఎప్పటిలా ఉంటారు. నడుస్తూ."

శని, ఆదివారాలు ఆలోచించాను. ఆ పిల్ల అడిగినది కూతురిగా న్యాయమే. వాళ్ళ ఇంటి పరువు, నాకేం సంబంధం? కానీ వస్తానన్న మనిషి రాకపోతే ఏమవుతుందో శుక్రవారం ఆయనే నాకు చెప్పారు. సోమవారం తొమ్మిదికి వెళ్ళాను.

మిచికో ఆఫీసుకి వెళ్ళలేదు. నన్ను చూసి మొహం తిప్పుకుని వంటింట్లోకి పోయింది. ఆయన లోపలిగది తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, గడ్డం గీసుకోలేదు.

"ఏది రాయమంటారు?" అన్నారు.

"అది నేను చెప్పలేనండీ. పాత కథలోది లెక్కకి కుదరడం లేదు. అంతవరకే చెప్పగలను."

తలుపు వేసుకున్నారు. నేను పంచాంగం తెరవలేదు. లోపల కుర్చీ చప్పుడు, అడుగుల చప్పుడు, మళ్ళీ కుర్చీ. పదకొండున్నర అయింది, లేవలేదు. పన్నెండున్నరకి నిట్టూర్చాను, పైకి వినబడేలా. ఒంటిగంటకి మిచికో వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. మా పిల్ల స్కూలు దగ్గర నాకోసం ముప్పావుగంట నిలబడిందని తర్వాత తెలిసింది. మూడు దాటాక తలుపు కింది సందులోంచి కాగితాలు తోశారు. లెక్కపెట్టాను. తొమ్మిది. మిచికో చేతికిచ్చాను. చదవడం మొదలుపెట్టి, రెండో కాగితం దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఖరుది చదివాక కవర్ తీసుకుని తనే పోస్టాఫీసుకి కారు నడుపుకుంటూ వెళ్ళింది.

నవంబరులో అది అచ్చయింది. తర్వాత మిచికో భయపడినట్టే జరిగింది. పత్రికకి ఉత్తరాలు వచ్చిపడ్డాయి. ఒక పంతులుగారు, నేను పాతికేళ్ళుగా పిల్లలకి చెబుతున్నది ఏమిటి అని నిలదీశారు. తర్వాతి ఏడు బడిపుస్తకంలోంచి ఆ కథ తీసేస్తున్నారని తెలిసింది. ఆయన చలించలేదని రాయను. రౌండ్లు ఇరవై దాకా పోయాయి. కానీ పేజీలు ఆగలేదు. క్రిస్మస్ వారానికి నవల ముగించారు. నా ఉద్యోగం పోయిందని మావారు అందరికీ ఫోన్ చేశారు.

1983 ఏప్రిల్ 23, శనివారం, పత్రికవాళ్ళు పంపిన ఒక కవర్ వచ్చింది. లోపల ఇంకో ఉత్తరం. మిచికో, ఆయన దాన్ని విప్పకుండా మా ఇంటికి తెచ్చారు. ఒంటరిగా చదవడానికి ఆయనకి ధైర్యం చాలలేదు. మా వంటింటి బల్ల దగ్గర మిచికో చదువుతూ నాకు ఇంగ్లీషులో చెప్పింది. ఆ చెల్లెలు రాసింది. నలభై ఎనిమిదేళ్ళు, అదే ఇంట్లో ఉంది.

"మా పిల్లల బడిపుస్తకంలో మీ కథ ఉండేది" అని రాసింది. "అందులో మీరు లోపలికి వచ్చారు. ఇది మన ఇంటి కథే, ఆయన రాలేదు అని పిల్లలకి చెప్పాను. పుస్తకంలో ఉంది కదా అమ్మా, నీకు గుర్తులేదేమో అన్నారు. పరీక్షలో పుస్తకంలో ఉన్నదే రాశారు. ఇప్పుడు నన్ను నమ్ముతున్నారు, థాంక్స్."

మిచికో కాగితం తిప్పి మిగతాది చదివింది.

"ఒక్క తప్పు దిద్దాలి. అమ్మ రోజంతా కాయలు ఒలుస్తూనే ఉందని రాశారు. ఆ ఏడు మా చెట్టు కాయలేదు. ఇంట్లో ముప్ఫై కాయలు కూడా లేవు. పొద్దున్నే అయిపోయాయి. అన్న యూనిఫాం లాంటిది వేసుకున్నవాడు రోడ్డు మీద తిరుగుతుంటే అమ్మ చూసింది. నేను వెళ్ళి పిలుస్తానన్నాను. వద్దంది. ఆ అబ్బాయికి నోరు రావడం లేదు, తనంతట తను రానీ అంది. తను లేచి లోపలికి పోతే మీరు వెళ్ళిపోతారని, ఒలిచినవాటినే మళ్ళీ చేతుల్లోకి తీసుకుని కత్తి ఆడిస్తూ కూర్చుంది. చీకటి పడేదాకా. ఆ రాత్రి అన్న పళ్ళెం నా ముందు పెట్టింది. బార్లీ గంజి, చిలగడదుంప ముక్క. నేను తిన్నాను. తర్వాత ఇంకెప్పుడూ వేరే పళ్ళెం పెట్టలేదు. ప్రభుత్వం కాగితం వచ్చినరోజు అమ్మ దాన్ని చదవను కూడా లేదు."

ఆయన ఆ చివరి ఐదు వాక్యాలు మళ్ళీ చదవమన్నారు. మూడుసార్లు చదివించారు. తర్వాత నావైపు తిరిగారు.

"మేడమ్, ఇప్పుడు లెక్క ఎంత?"

"ఏమీ లేదండీ. సున్నా."

సంతోషిస్తారనుకున్నాను. లేచి మా వంటింట్లో స్టవ్‌కీ కిటికీకీ మధ్య ఉన్న నాలుగు అడుగుల్లో తిరగడం మొదలుపెట్టారు. "ఆవిడ చూస్తోంది" అన్నారు. "రోజంతా. నన్ను ఎవరూ చూడటం లేదనుకున్నాను." పళ్ళేల లెక్క ఆయనకి ఇన్నాళ్ళూ ఒక రకంగా ఆసరా అని నాకు అప్పుడు తోచింది. అది పోయేసరికి మిగిలింది ఒక ముసలావిడ, ఒలవడానికి కాయలు లేని కత్తి. దానికి అంకె లేదు. ఆ నెలా, మే నెలా ఆయన్ని చూస్తే భయం వేసేది. అన్నం నిలబడి తినేవారు. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో వెళ్ళిపోయేవారు.

జూన్ 11న మిచికో ఫోన్ చేసి, నాన్న ఒక్కరే టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయారని చెప్పింది. మాకు చెప్పలేదు. వాకిట్లో మా పిల్ల సైకిల్ పడిపోయి ఉంటే నిలబెట్టి వెళ్ళారట, అంతే.

జూలైలో నాకొక ఉత్తరం వచ్చింది. ఆయన నాకు రాసిన ఉత్తరం అదొక్కటే. అదే సిపాయి ఇంగ్లీషు, పెద్ద అక్షరాలు. ఆ ఊరు వెళ్ళానని రాశారు. ఇప్పుడు స్టేషన్ నుంచి బస్సు ఉందట, అయినా నడిచారట. ఇల్లు అదే, పైకప్పు మాత్రం మార్చారు. అరుగు మీద ఒకావిడ కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆయన రోడ్డుకి ఇవతల ఆగిపోయారు. అరవై రెండేళ్ళ మనిషి, మళ్ళీ అటూ ఇటూ తిరిగారు. నలభై నిమిషాలు, మీరు అడుగుతారని టైము చూశాను అని రాశారు.

నలభై నిమిషాలయ్యాక ఆవిడ చిక్కుడుకాయల గిన్నె చప్పుడయ్యేలా కింద పెట్టి, లేచి, రోడ్డు దాటి ఆయన దగ్గరికి వచ్చి ఇలా అందట:

"మా అమ్మకి ఓపిక ఎక్కువ, రోజంతా కూర్చుంది. నాకంత ఓపిక లేదు, పొయ్యి మీద అన్నం ఉంది. నడవండి లోపలికి."